తిరుపతిలో గోవా డాల్ఫిన్, స్నార్కెలింగ్ ప్యాకేజీ కొనే కుటుంబాలు జాగ్రత్త

వేసవి సెలవుల్లో పిల్లలను తీసుకుని గోవా వెళ్ళాలనుకుంటున్న తిరుపతి, చిత్తూరు వాళ్ళు డబ్బు కట్టే ముందు దయచేసి ఇది చదవండి. మన జిల్లాలో పులికాట్ సరస్సు ఉంది, తూపిలిపాళెం తీరం ఉంది. కానీ స్నార్కెలింగ్ చేయాలంటే, అంటే నోట్లో గొట్టంతో ఊపిరి పీలుస్తూ నీళ్ళలో తల ముంచి చేపలను చూడాలంటే, దూరం వెళ్ళక తప్పదు. ఆ ఆశ మీదే ఇక్కడ వ్యాపారం నడుస్తోంది. "డాల్ఫిన్లు గ్యారంటీ, స్నార్కెలింగ్, కుటుంబాలకు ప్రత్యేక పడవ, శాకాహార భోజనం, ఫొటోలు ఉచితం" అని కరపత్రం పంచిన తిరుపతి ట్రావెల్ ఏజెన్సీ ఒకదానికి మేము ముందుగానే మొత్తం సొమ్ము కట్టి, మే నెలాఖరులో వెళ్ళాం. అమ్మ, తమ్ముడి కుటుంబం, మా పిల్లలు, అందరం.

డబ్బు సంగతి తర్వాత చెబుతాను. ముందు లైఫ్ జాకెట్ల సంగతి వినండి. గోవా తీరానికి దగ్గరలో ఉన్న గ్రాండ్ ఐలండ్ అనే దీవికి బయలుదేరిన ఆ పడవలో పిల్లల కొలతకు సరిపోయే జాకెట్ ఒక్కటి కూడా లేదు. తమ్ముడి కూతురికి ఏడేళ్ళు. పెద్దవాళ్ళ జాకెట్ తొడిగి, పట్టీలను వెనక ముడివేసి కూర్చోబెట్టారు. భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూస్తే అది పాప చెవుల దాకా వచ్చేసింది. అలాంటి జాకెట్‌తో నీళ్ళలో పడితే జాకెట్ పైకి తేలుతుంది, బిడ్డ అందులోంచి కిందికి జారిపోతుంది. ఈ మాట అంటే పడవవాడు "ఏమీ కాదు" అని చెయ్యి ఊపాడు. 2019 సెప్టెంబరులో గోదావరిలో కచ్చులూరు దగ్గర పడవ మునిగినప్పుడు మన తిరుపతి వాళ్ళూ అందులో ఉన్నారు. అదే తిరుపతి వాళ్ళకు టికెట్లు అమ్ముతూ, జాకెట్ల గురించి ఒక్క మాట కూడా విచారించని ఏజెన్సీని నేను క్షమించలేను.

కుటుంబాలకు ప్రత్యేకం అన్న పడవలో మాతో పాటు ఒక స్నేహితుల గుంపును ఎక్కించారు. తీరం దాటకముందే సీసాలు తెరిచారు. ఆ టికెట్‌లో మద్యం కూడా భాగమని మాకు అక్కడే తెలిసింది. తాగినవాళ్ళనే కాసేపటికి నీళ్ళలోకి దింపారు, వద్దన్నవాడు లేడు. అమ్మకు శాకాహారం అన్నారు కదా, చేపల కూరలో పెట్టిన గరిటెతోనే అన్నం మీద పప్పు పోశారు. ఆమె పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అరటిపండ్లతో గడిపింది.

స్నార్కెలింగ్ విషయం. ఒకరి నోట్లోంచి తీసిన గొట్టాన్ని సముద్రపు నీళ్ళలో ఒకసారి ముంచి మరొకరి నోటికి ఇచ్చారు. కళ్ళద్దాల ముసుగు అంచు రబ్బరు చిరిగి లోపలికి నీళ్ళు కారాయి. గొట్టంలోకి నీళ్ళు వస్తే గట్టిగా ఊది బయటికి నెట్టాలి. ఇది నేర్పకుండా ఎవరినీ దింపకూడదు. మాకు ఎవరూ చెప్పలేదు. నీళ్ళు మింగి ఉక్కిరిబిక్కిరైన తర్వాత మా అబ్బాయి మళ్ళీ దిగనన్నాడు. దిగినా కనిపించేది ఏమీ లేదు, అంతా బురద రంగు. గోవాకు జూన్ మొదటి వారంలో నైరుతి రుతుపవనాలు వస్తాయి. అంతకు ముందు నుంచే అలలు పెరిగి నీళ్ళు కలకబారతాయి. తేటగా ఉండేది నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు. పడవల వ్యాపారం చేసే వాళ్ళందరికీ తెలిసిన సంగతే ఇది. తెలిసి కూడా మే నెలాఖరు టికెట్లను "స్వచ్ఛమైన నీలి నీళ్ళు" అని అమ్మారు.

డాల్ఫిన్లు కనిపించాయి. అయినా ఆ దృశ్యం నాకు సంతోషం ఇవ్వలేదు. రెండు వీపులు నీళ్ళ మీద తేలగానే నాలుగు వైపుల నుంచి పడవలు ఇంజన్లు హోరెత్తించుకుంటూ వాటి మీదికి వెళ్ళాయి. అవి చేపలు కావు, మనలాగే ఊపిరి పీల్చుకోవడానికి పైకి రావాల్సిన ప్రాణులు. పైకి వచ్చిన ప్రతిసారీ తరిమితే అవి ఎక్కడికి పోవాలి? 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో అత్యధిక రక్షణ ఇచ్చే మొదటి షెడ్యూలులో ఉన్న జంతువులవి. సముద్రంలో స్వేచ్ఛగా తిరిగే జీవి కనిపిస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. గ్యారంటీ అని రాశారంటే తరిమి చూపిస్తామని అర్థం చేసుకోండి. నిదానంగా, దూరంగా ఇంజన్ ఆపి నిలిచే పడవను వెతుక్కోండి. కనిపించకపోయినా పరవాలేదు.

పడవ మీద నుంచే ఏజెన్సీకి ఫోన్ చేశాను. "పడవ మాది కాదక్కా, అక్కడి వాళ్ళతోనే మాట్లాడుకోండి" అన్నారు. అసలు మోసం ఇక్కడే ఉంది. డబ్బు తీసుకునేది ఒకరు, పడవ నడిపేది ఇంకొకరు, మధ్యలో ఇద్దరు ముగ్గురు. ఉచితమన్న ఫొటోలకు కూడా ఒడ్డుకు వచ్చాక విడిగా వసూలు చేశారు.

అందుకే, ఎవరి దగ్గర కొన్నా రసీదు మీద పడవ పేరు, రిజిస్ట్రేషన్ నంబరు, ఎంతమందిని ఎక్కించవచ్చో రాయించుకోండి. గోవాలో పడవల రిజిస్ట్రేషన్ చూసేది కెప్టెన్ ఆఫ్ పోర్ట్స్ శాఖ, కాబట్టి నంబరు లేదు అనే మాట చెల్లదు. పిల్లల వయసు, బరువు చెప్పి వాళ్ళకు తగిన జాకెట్లు ఉన్నాయని అదే కాగితం మీద రాయించండి. రాయడానికి వెనుకాడితే లేచి వచ్చేయండి. పడవ ఎక్కే ముందు జాకెట్ భుజాలు పట్టుకుని పైకి లాగి చూడండి. గడ్డం దాటి వస్తే పిల్లలను ఎక్కించకండి, టికెట్ సొమ్ము పోయినా సరే.

ఏజెన్సీ డబ్బు వాపసు ఇవ్వనంది. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేశాను, తెలుగులోనే మాట్లాడవచ్చు. దానితో తేలకపోతే తిరుపతిలోని జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. పడవ గోవాలో నడిచినా, 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం ఉండే చోటే కేసు వేయవచ్చు. మనం కట్టిన సొమ్ము 5 లక్షల రూపాయల లోపైతే రుసుము లేదు, కేసు వేయడానికి గడువు 2 ఏళ్ళు. ఇలాంటి కరపత్రం చూసి డబ్బు కట్టి ఇబ్బంది పడిన వాళ్ళు కరపత్రం, రసీదు, చెల్లింపు వివరాలు, పడవలో తీసిన ఫొటోలు పారేయకండి. మాకు తెలియజేస్తే అందరం కలిసి ఒకేసారి కమిషన్ ముందుకు వెళ్దాం.