బ్యాంకు యాప్‌కు మూడు స్టార్లు, దొడ్డి దర్వాజకు సున్నా

హన్మకొండలో మాది చిన్న కిరాణం, నయీంనగర్ వైపు. ఈ బ్యాంకు యాప్ కరోనా ముందు నుంచీ నా ఫోన్‌లో ఉంది. షాపు కరెంట్ ఖాతా, నా సేవింగ్స్, పరకాల దగ్గర ఊళ్లో ఉండే మా బాపుతో కలిపి ఉన్న జాయింట్ ఖాతా, మూడూ ఈ బ్యాంకులోనే. పేరు రాయను. నేను చెప్పే లోటు ఈ ఒక్క బ్యాంకుది కాదు, పేరు పెడితే మాట మొత్తం దాని మీదికే పోతుంది. ప్లేస్టోర్‌లో చూస్తే "సూపర్", "వేస్ట్" తప్ప ఇంకేం కనపడదు. ఏళ్ల తరబడి వాడి, ఒకసారి డబ్బు పోయి, ఇంకోసారి డబ్బు ఖాతాలోనే ఇరుక్కుపోయి, రెండు గండాలూ దాటినవాళ్లు రాసింది నాకైతే దొరకలేదు. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నా.

ముందు మంచి సంగతులు. కొత్త ఫోన్‌లో ఈ యాప్ వేసుకోవాలంటే బ్యాంకులో రాయించిన సిమ్ అదే ఫోన్‌లో ఉండాలి, ఆ సిమ్ నుంచే ఒక మెసేజ్ దానంతటదే పోవాలి. రెండు సిమ్‌ల ఫోన్‌లో ఇది ఒక్కోసారి తల తినేస్తుంది, రీఛార్జ్ అయిపోతే మెసేజ్ పోదు, వైఫై మీద ఉంటే ఎర్రర్ అంటుంది. అయినా ఈ చిరాకు ఉండాల్సిందే, ఎందుకంటే మన పాస్‌వర్డ్ ఎవడికైనా తెలిసినా సిమ్ లేకుండా వాడి ఫోన్‌లో యాప్ లేవదు. కొత్త ఫోన్‌లో యూపీఐ మొదలుపెట్టాక మొదటి 24 గంటలు 5,000 దాటి పంపనివ్వదు, ఇది మంచిదే కానీ బీట్‌బజార్‌లో హోల్‌సేల్ వాళ్లకు పైసలు కట్టాల్సిన రోజు మాత్రం ఫోన్ మార్చకండి. మన ఫోన్‌ను దూరం నుంచి ఇంకొకరు నడిపించే ఎనీడెస్క్ లాంటి యాప్ నడుస్తుంటే ఈ యాప్ తెరుచుకోదు, ముందు దాన్ని తీసేయమంటుంది. మా తమ్ముడు బిల్లింగ్ కంప్యూటర్ వాళ్ల కోసం ఫోన్‌లో అది వేసుకుని, బ్యాంకు యాప్ పాడైందని పొద్దంతా తిట్టుకున్నాడు.

కార్డు సెట్టింగులు నాకు బాగా నచ్చాయి. 2020లో రిజర్వ్ బ్యాంకు తెచ్చిన నిబంధన వల్ల కొత్త కార్డు వచ్చినప్పుడు మన దేశంలో ఏటీఎం, షాపులో గీకడం మాత్రమే పనిచేస్తాయి, ఆన్‌లైన్, విదేశీ, ట్యాప్ చేసేది మనం ఆన్ చేస్తేనే. నేను విదేశీ వాడకం ఎన్నడూ ఆన్ చేయలేదు. ఆన్‌లైన్ కూడా ఏదైనా కొనేటప్పుడు ఆన్, కొన్నాక ఆఫ్. ఏటీఎం పరిమితి 10,000కు తగ్గించా. యూపీఐ రోజువారీ పరిమితి కూడా ఈ యాప్‌లో తగ్గించుకోవచ్చు, సేవింగ్స్‌కు 20,000 పెట్టుకున్నా. వీటన్నిటికీ పైసా ఖర్చు లేదు, ఐదు నిమిషాల పని, కానీ మా వీధిలో అడిగితే ఒక్కరికీ ఆ పేజీ ఉన్నట్టే తెలియదు. తప్పు వాళ్లది కాదు. లోన్ ఆఫర్ మొదటి తెర మీద ఊగుతుంటుంది, పరిమితుల పేజీ మాత్రం ఎక్కడో అడుగున.

నచ్చనిది అలర్టులు. చిన్న మొత్తాలకు ఎస్సెమ్మెస్ రాదు, యాప్ నోటిఫికేషన్ వస్తుంది, అదీ ఫోన్ బ్యాటరీ సేవర్‌లో ఉంటే ఎప్పుడో వస్తుంది. రాత్రి షట్టర్ దించేముందు స్టేట్‌మెంట్ ఒకసారి చూసుకోవడం అందుకే అలవాటైంది.

యూపీఐ మోసాల గురించి ఎక్కువ చెప్పను, అందరికీ తెలిసిందే. పిన్ కొట్టేది డబ్బు పోవడానికే, రావడానికి కాదు. "డబ్బులు పంపుతున్నాం, ఓకే కొట్టి పిన్ వేయండి" అనే రిక్వెస్టుల బెడద కూడా తగ్గింది, 2025 అక్టోబర్ నుంచి మనిషికీ మనిషికీ మధ్య కలెక్ట్ రిక్వెస్టులను యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ ఆపేసింది. షాపులో దొంగ స్క్రీన్‌షాట్లకు సౌండ్‌బాక్స్ చాలు, డబ్బా మాట్లాడితేనే సంచి చేతికిస్తాం.

అసలు దెబ్బ ఇవేవీ లేని చోట తగిలింది. బాపు ఏనుమాముల మార్కెట్‌లో మిర్చి అమ్మిన పైసలు జాయింట్ ఖాతాలో పడ్డాయి. ఒక సాయంత్రం గల్లా దగ్గర ఉండగా నోటిఫికేషన్: ఏఈపీఎస్ విత్‌డ్రాయల్, 10,000. ఫోన్ జేబులో పెట్టేలోపే ఇంకొకటి, మళ్లీ 10,000. ఊళ్లో కస్టమర్ సర్వీస్ పాయింట్ దగ్గర తీశాడేమో అనుకుని ఫోన్ చేశా. "బాపూ, పైసలు తీసినవా?" "నేనెక్కడ తీసిన, చేన్ల ఉన్న గదా."

ఏఈపీఎస్ అంటే తెలియనివాళ్ల కోసం. ఊళ్లలో చిన్న మిషన్ మీద వేలు పెట్టించి డబ్బులిస్తారు కదా, అదే. దానికి కావాల్సింది మూడే: ఆధార్ నంబర్, ఏ బ్యాంకో తెలియడం, వేలిముద్ర. ఓటీపీ లేదు, పిన్ లేదు, కార్డు లేదు. ఖాతాకు ఆధార్ కలిపి ఉంటే చాలా బ్యాంకుల్లో ఇది మనం అడగకుండానే ఆన్‌లో ఉంటుంది. ఒక్కసారికి 10,000 వరకు. అంటే నేను ముందు దర్వాజకు ఇన్ని తాళాలు వేసుకుంటూ కూర్చున్నా, దొడ్డి దర్వాజ బార్లా తెరిచే ఉంది. ఆధార్ నంబర్, వేలిముద్ర రెండూ ఒకే కాగితం మీద దొరికే చోట్లు మన దగ్గర తక్కువేం కాదు. 2018లో పెద్దపల్లి జిల్లా ధర్మారంలో బయటపడిన కేసు గుర్తుండే ఉంటుంది, రిజిస్ట్రేషన్ దస్తావేజుల మీది వేలిముద్రలతో రబ్బరు ముద్రలు చేసి సిమ్‌కార్డులు యాక్టివేట్ చేశారు. అది సిమ్‌ల కోసం. ఆ తర్వాత దేశంలో చాలాచోట్ల అదే పద్ధతి ఖాతాల మీదికి వచ్చింది. బాపుది ఎక్కడ లీకయిందో చివరిదాకా తేలలేదు.

ఇక యాప్ సంగతి. ఫిర్యాదు పేజీ కోసం వెతికితే ముందు చాట్‌బాట్ వచ్చింది. ఏ రకం లావాదేవీ అని అడిగి యూపీఐ, కార్డు, నెట్ బ్యాంకింగ్ అని మూడు బటన్లు చూపించింది. ఏఈపీఎస్ లేదు. "ఇతరములు" కూడా లేదు. యాప్ మొత్తం తెలుగులో పెట్టుకున్నా ఆ పేజీ మాత్రం ఇంగ్లీషులోనే తెరుచుకుంది. అక్కడ ఒక స్టార్ కోసేశా.

యాప్ వదిలేసి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి కొట్టా. కాసేపు లైన్ దొరకలేదు, దొరికాక తెలుగులోనే మాట్లాడారు, ఓపికగానే. ఖాతా నంబర్, బ్యాంకు, ఎంత, ఏ టైముకు, ఇంకా లావాదేవీ రిఫరెన్స్ నంబర్ అడుగుతారు. ఆ 12 అంకెలు ముందే కాగితం మీద రాసి పెట్టుకుని ఫోన్ చేయండి, అక్కడ తడుముకుంటే టైమంతా దానికే పోతుంది. ఫిర్యాదు నంబర్ ఎస్సెమ్మెస్‌లో వచ్చింది, దాంతో సైబర్‌క్రైమ్ పోర్టల్‌లో మిగతా వివరాలు నింపా. ఈ ఏర్పాటు 2021 నుంచి ఉంది. ఫిర్యాదు ఎక్కగానే డబ్బు వెళ్లిన ఖాతాల వెంట పడి మిగిలింది ఆపుతారు కాబట్టి మొదటి గంటే ముఖ్యం. ఏఈపీఎస్‌లో అయితే నోట్లు చేతికి వెళ్లిపోయాయి, ఆపడానికి మిగిలేది తక్కువ. అయినా ఆ నంబర్ లేకపోతే తర్వాత బ్యాంకులో మన మాట వినేవాడు ఉండడు.

ఆ రాత్రే బాపు ఆధార్ బయోమెట్రిక్‌కు లాక్ వేశా, అంటే ఇక ఎవరూ ఆ వేలిముద్ర వాడలేరు. ఆధార్ ఇచ్చే యూఐడీఏఐ సైట్‌లో గానీ ఎంఆధార్ యాప్‌లో గానీ చేయొచ్చు, సైట్‌లో అయితే ముందు ఆధార్ నంబర్ బదులు వాడే వర్చువల్ ఐడీ తీసుకోవాలి. ఓటీపీ ఆధార్‌కు కలిపిన నంబర్‌కే వస్తుంది, అంటే బాపు బటన్ ఫోన్‌కు. ఎవరికీ ఓటీపీ చెప్పొద్దని ఇంట్లో అందరికీ నూరిపోసింది నేనే, ఇప్పుడు నేనే ఫోన్‌లో "ఓటీపీ చెప్పు బాపూ" అంటున్నా. ఆయన "చెప్పద్దంటివి గదా" అని అడిగాకే చెప్పాడు. ఆ మాటకు సంతోషమే అనిపించింది.

తెల్లారి బ్రాంచికి పోతే కౌంటర్‌లో మొదటి మాట: "వేలిముద్ర పడ్డది కదా సార్, మీ ఇంట్లోవాళ్లే తీసి ఉంటారు." ఇక్కడ చాలామంది వెనక్కి వచ్చేస్తారు. రాకండి. 2017 జూలై 6న రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన సర్క్యులర్ ఒకటి ఉంది, దాని ప్రింటు పట్టుకుపోయా. తప్పు మనదీ కాక, బ్యాంకుదీ కాక, మధ్యలో ఇంకెక్కడో జరిగితే, బ్యాంకు నుంచి సమాచారం అందాక మూడు పనిదినాల్లోపు చెప్పినప్పుడు మన నష్టం సున్నా. నాలుగు నుంచి ఏడు పనిదినాలైతే మామూలు సేవింగ్స్ ఖాతాకు మన మీద పడేది గరిష్ఠంగా 10,000. అది దాటితే బ్యాంకు పాలసీ ఎలా ఉంటే అలా. చెప్పిన పది పనిదినాల్లో ఆ మొత్తాన్ని బ్యాంకు ఖాతాలో తాత్కాలికంగా జమ చేయాలి, 90 రోజుల్లో తేల్చాలి. అన్నిటికంటే ముఖ్యమైనది, మనదే తప్పని నిరూపించే బాధ్యత బ్యాంకుది. మనమే ఓటీపీనో పిన్నో ఇచ్చి ఉంటే మాత్రం లెక్క వేరు, చెప్పేదాకా పోయింది మనదే, చెప్పాక పోయింది బ్యాంకుది.

దరఖాస్తు రెండు కాపీలు రాసి, ఒకదాని మీద తేదీతో బ్రాంచి ముద్ర వేయించుకున్నా. "మెయిల్ పెట్టండి చాలు" అన్నారు. మెయిలూ పెట్టా, ముద్రా వేయించుకున్నా. తర్వాత పనిచేసింది ఆ గుండ్రటి నీలం ముద్రే. పది పనిదినాలు దాటాయి, జమ లేదు. బ్యాంకులో ఫిర్యాదులు చూసే నోడల్ ఆఫీసర్‌కు రాస్తే "పరిశీలనలో ఉంది". 30 రోజులు దాటాక బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు, వాళ్ల సీఎంఎస్ ఫిర్యాదుల పోర్టల్‌లో, ముద్ర ఉన్న కాపీ ఎక్కించి ఫిర్యాదు పెట్టా. దీనికి ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు, అనుమానాలుంటే 14448కి ఫోన్ చేయొచ్చు. ఆ ఫిర్యాదు బ్యాంకుకు చేరాక అప్పటిదాకా ఫోన్ ఎత్తని మనుషులే నాకు ఫోన్ చేశారు. డబ్బు పూర్తిగా వచ్చింది.

రెండో గండం దీనికి తిరగేసినది. ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి సరుకులు తీసుకుని యూపీఐ కొట్టిపోయాడు, రెండు వేల చిల్లర బిల్లు. కొన్ని వారాలకు యాప్‌లో మొత్తం బ్యాలెన్స్ ఒక అంకె, అందుబాటులో ఉన్న బ్యాలెన్స్ ఇంకో అంకె. తేడా సరిగ్గా ఆ బిల్లంత. ఎందుకో యాప్ చెప్పదు, ఆ అంకె మీద నొక్కినా ఏమీ రాదు. బ్రాంచిలో అడిగితే లీన్ అన్నారు, అంటే ఆ మొత్తాన్ని మనం తీయకుండా ఆపి పెట్టడం. వేరే రాష్ట్రంలో ఎవరిదో పోయిన డబ్బు చేతులు మారి మారి మా గల్లాలో పడిందట, అక్కడి 1930 ఫిర్యాదు మీద ఆపారు. నిన్న నాకు సాయం చేసిన ఏర్పాటే ఇవాళ నన్ను పట్టుకుంది, దాన్ని తిట్టలేను కూడా. ఆ ఫిర్యాదు నంబర్, పోలీస్ స్టేషన్ మెయిల్ ఐడీ బ్రాంచిలో అడిగి తీసుకోండి, బ్యాంకులో ఉంటుంది. బిల్లు కాపీ, ఆ రోజు స్టేట్‌మెంట్, షాపు లైసెన్స్ పంపితే చాలా రోజులకు తీసేశారు. నాది బిల్లంతే ఆగింది, పక్క గల్లీలో ఫ్యాన్సీ షాపు ఆయనకు ఖాతా మొత్తం స్తంభించి ఈఎంఐ బౌన్స్ అయింది. అప్పటి నుంచి క్యూఆర్ కోడ్ ఖాతాలో డబ్బు నిలవ ఉంచడం లేదు, రోజూ రాత్రి సేవింగ్స్‌కు మార్చేస్తున్నా.

ఏపీకేల గురించి, అంటే ప్లేస్టోర్ బయట నుంచి ఫోన్‌లో యాప్ వేసే ఫైళ్ల గురించి, రెండు మాటలు, ఎందుకంటే మా కులసంఘం వాట్సాప్ గ్రూపులోకే వచ్చింది. ట్రాఫిక్ చలాన్ అనో, పీఎం కిసాన్ అనో, పెళ్లిపత్రిక అనో ఫైల్ వస్తుంది, పంపింది మనకు తెలిసినవాడే, వాడి ఫోన్ అప్పటికే మోసగాళ్ల చేతిలో ఉంటుంది. నొక్కితే మెసేజ్‌లు చదివే అనుమతి అడుగుతుంది, ఇస్తే ఓటీపీలు నేరుగా వాళ్లకే. పెళ్లిపత్రికకు మన ఎస్సెమ్మెస్‌లతో ఏం పని అని ఒక్క క్షణం ఆగితే చాలు. బ్యాంకుల సైట్లు ఇప్పుడు డాట్ బ్యాంక్ డాట్ ఇన్‌తో ముగుస్తాయి, రిజర్వ్ బ్యాంకు 2025 అక్టోబర్ 31 గడువు పెట్టి మార్పించింది, లింకు వస్తే ఆ చివర చూడండి.

ఆధార్‌కు లాక్ వేశాక ఒక ఇబ్బంది ఉంది, దాచను. రేషన్ రోజు, వేలు పెట్టాల్సిన ఇంకే పనైనా ఉన్న రోజు, లాక్ తీయాలి. తాత్కాలికంగా తీస్తే పది నిమిషాలే ఉంటుంది, డీలర్ దగ్గర లైన్ పొడుగ్గా ఉంటే మళ్లీ మొదటికి. బాపు తన వంతు దగ్గరపడ్డాక ఫోన్ చేస్తాడు, నేను ఇక్కడ నుంచి తీస్తా. ఊళ్లో పిల్లలు దగ్గర లేని ముసలివాళ్లకు ఇది అయ్యే పని కాదు, అందుకే లాక్ వేసుకోండి అని అందరికీ చెప్పలేను. వాళ్లకు బ్రాంచిలో రాసిచ్చి ఖాతాకు ఏఈపీఎస్సే ఆపించడం మేలు. మా బ్రాంచిలో కాగితం తీసుకుని ఆపారు, ఇప్పుడు బాపు ఖాతాకు రెండూ ఉన్నాయి.

కొన్ని బ్యాంకుల యాప్‌లలో ఏఈపీఎస్‌కు ఆన్, ఆఫ్ బటన్ ఉంది. మాదాంట్లో లేదు. అది పెట్టిన రోజు నాలుగో స్టార్ ఇస్తా. అడిగిన ప్రతిసారీ "మీ సూచన పైకి పంపాం సార్" అనే వస్తోంది.