ఫిగ్మాతో మూడేళ్లు: ఓ పాత ఫొటోషాప్ చేతి అనుభవం

మా ఆఫీసులో వెబ్ పేజీలు డిజైన్ చేసే ఫిగ్మా అనే సాఫ్ట్‌వేర్‌కు మారదామన్న మాట వచ్చినప్పుడు గట్టిగా వద్దన్నది నేనే. పదేళ్లుగా వెబ్ పేజీలు ఫొటోషాప్‌లోనే వేస్తున్నవాణ్ని. పైగా 2022 సెప్టెంబరులో ఫిగ్మాను 2,000 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు ఫొటోషాప్ తయారుచేసే అడోబీ ప్రకటించింది. ఎలాగూ ఒకే గూటికి చేరతాయి కదా, ఆగుదాం అని వాదించాను. బ్రిటన్, ఐరోపా నియంత్రణ సంస్థల అనుమతి వచ్చేలా లేదని 2023 డిసెంబరులో ఆ బేరమే రద్దయింది. మేం అంతవరకూ ఆగకపోవడమే మంచిదైంది. ఇలాంటిదే ఇంకో డిజైన్ సాఫ్ట్‌వేర్ స్కెచ్ మాక్‌లో మాత్రమే నడుస్తుంది, మావన్నీ విండోస్ మెషీన్లు. అందుకని అది మొదట్లోనే పోటీలో లేదు.

డెమో వీడియోలు చూసి తేల్చుకోలేదు. ఎప్పుడో డెలివరీ ఇచ్చేసిన ఒక విత్తనాల షాపు సైటును మళ్లీ ఫిగ్మాలో వేశాం. ఎక్కడ ఎంత టైం పట్టిందో, ఎక్కడ తిట్లు తిన్నామో ముందే తెలుసు కాబట్టి పోల్చడం తేలికైంది.

మొదటి రెండు వారాలు నాకు నరకం. ప్రతి డబ్బా చేత్తో గీసి, లెక్కపెట్టి జరుపుతున్నాను. మా జూనియర్ అమ్మాయి చూసి, "అన్నా, మీరు ఫిగ్మాలో ఫొటోషాప్ చేస్తున్నారు" అంది. మాట తగిలింది గానీ నిజం. 'అప్లై' అని రాసుకున్న బటన్‌లో 'దరఖాస్తు చేయండి' అని పెడితే అక్షరాలు అంచు దాటి బయటికొచ్చాయి. ఆమె షిఫ్ట్ పట్టుకుని ఏ నొక్కింది. అదే ఆటో లేఅవుట్. మాట పెరిగితే బటన్ పెరుగుతుంది, చుట్టూ ఖాళీ మాత్రం అంతే ఉంటుంది. ఆ రోజు నుంచే నాకు ఫిగ్మా వచ్చినట్టు లెక్క.

కాంపోనెంట్ల (ఒకసారి గీసి చాలా చోట్ల వాడుకునే భాగాల) దగ్గర మాత్రం బాగా దెబ్బతిన్నాను. ఏదైనా మాట వినకపోతే చాలు, కంట్రోల్, ఆల్ట్, బి నొక్కి దాన్ని అసలు కాంపోనెంట్ నుంచి తెంపేసేవాణ్ని. ఆ కాసేపటికి హాయిగానే ఉండేది. తర్వాత క్లయింటు ఆకుపచ్చ రంగు మార్చమన్నాడు. తెంపకుండా ఉంచినవన్నీ ఒక్క మార్పుతో మారాయి. నేను తెంపినవి వెతుక్కుంటూ శనివారం పొద్దుపోయేదాకా కూర్చున్నాను.

తెలుగు సైట్లు చేసేవాళ్లకు ఒక మాట. మండలి, రామభద్ర, నోటో సాన్స్ తెలుగు లాంటి గూగుల్ ఫాంట్లు ఫిగ్మాలో నేరుగా దొరుకుతాయి. కానీ ఇంగ్లిష్‌కి సరిపోయే 120 శాతం లైన్ హైట్ (వరుస ఎత్తు) మనకు చాలదు. పై వరుసలో 'రాష్ట్రం' ఒత్తులు వచ్చి కింది వరుసలోని గుడి మీద కూర్చుంటాయి. నేను 160కి తక్కువ పెట్టను. క్లయింట్లు పంపే పాత అను ఫాంట్ల ఫైళ్లను యూనికోడ్‌లోకి (ఎక్కడైనా ఒకేలా చదవగలిగే అక్షర పద్ధతిలోకి) మార్చుకోకుండా అతికిస్తే చెత్త అక్షరాలే వస్తాయి. ఆ పని ముందే చేసుకోండి.

అందరూ ఒకే ఫైలులో ఉండటం గొప్ప సౌకర్యమే. అయితే మనం పని చేస్తుంటే మేనేజరు పేరున్న కర్సర్ వచ్చి లోగో చుట్టూ తిరుగుతుంది చూడండి, ఆ టెన్షన్ వేరు! నెట్ పోతే తెరిచి ఉన్న ఫైలులో పని సాగించవచ్చు, తెరవనిది మాత్రం రాదు. ఉచిత ప్లానులో పాత వెర్షన్లు 30 రోజుల వరకే ఉంటాయి. నేర్చుకోవడానికి అది చాలు, ఆఫీసు పనికి చాలదు.

డెవలపర్లకు ఇచ్చేటప్పుడు ఇంకో జాగ్రత్త కావాలి. ఫిగ్మా చూపించే సీఎస్ఎస్ (పేజీ రూపాన్ని చెప్పే కోడ్) కొలతల కోసం పనికొస్తుంది గానీ, యథాతథంగా అతికిస్తే ఫోన్‌లో పేజీ చెదురుతుంది. అందుకే ఇప్పటికీ ఫైలు పంపి ఊరుకోను, పక్కన కూర్చుని పది నిమిషాలు చెబుతాను.

ఫొటోషాప్ తీసేయలేదు. విత్తనాల ప్యాకెట్ల ఫొటోల వెనక కనబడే గోడను చెరపడానికి వారానికోసారి తెరుస్తున్నాను.