పాత మారుతి 800కి 95 పెట్రోలు: కొన్నేళ్లు వాడాక నా మాట

మైలేజీ పెరిగిందా అంటే లేదు. పికప్ పెరిగిందా అంటే, బంకులో కుర్రాళ్లు చెప్పినంత కాదు కదా, అందులో పావు వంతు కూడా నాకు తెలియలేదు. అయినా కొన్నేళ్లపాటు డబ్బు ఎక్కువ పెట్టి 95 ఆక్టేన్ పెట్రోలే కొట్టించాను. కారణం ఒక్కటే, నాకింగ్ పోయింది, అంటే లోడు పడ్డప్పుడు ఇంజన్ గలగలా మోగడం ఆగింది.

బండి 1998 మోడల్, కార్బురేటర్‌ది, ఏసీ ఉంది. మేముండేది విశాఖలో. ఊళ్లో తిరిగినంతసేపూ దానితో ఏ పేచీ లేదు. అరకు బయల్దేరితేనే వచ్చేది టెన్షన్. శృంగవరపుకోట దాటి అనంతగిరి ఘాట్ మొదలవగానే, మూడో గేరులో యాక్సిలరేటర్ కాస్త గట్టిగా తొక్కితే చాలు, రేకు డబ్బాలో గులకరాళ్లు పోసి ఊపినట్టు ఇంజన్ మోగేది. ఏసీ కట్టేస్తే కొంచెం తగ్గేది. రెండో గేరులోకి దించితే ఇంకొంచెం తగ్గేది. ఒక మెకానిక్ ట్యాపెట్లు (వాల్వుల్ని కదిలించే భాగాలు) అన్నాడు, సెట్ చేశాడు, డబ్బులు తీసుకున్నాడు. ట్యాపెట్ల శబ్దమైతే బండి ఊరికే ఆన్‌లో ఉన్నా వినిపించాలి. ఇది లోడు పడ్డప్పుడే వస్తోంది. ఆ తేడా గమనించకుండా ట్యాపెట్ల మీద పడేవాళ్లు చాలామంది ఉన్నారు.

ఒక వేసవిలో, బయల్దేరే ముందు ట్యాంకు బాగా ఖాళీ అయ్యేదాకా ఆగి, నిండా 95 కొట్టించాను. అదే ఘాట్, అదే నలుగురం, అవే సంచులు, ఏసీ ఆన్. డముకు వ్యూపాయింట్ దగ్గరికి వచ్చేదాకా చెవులు రిక్కించి కూర్చున్నాను. శబ్దం రాలేదు. మా ఆవిడ కూడా "ఈసారి బండి అరవట్లేదేంటండీ" అంది. ఇంజన్ గురించి ఆవిడ నోరు విప్పడం అదే మొదలు. ఆ రోజు నుంచి కనిపించిన పాత కారు వాళ్లందరికీ 95 కొట్టించమని చెబుతూ వచ్చాను.

ఇప్పుడు ఆ మాటను కొంచెం సవరించాలి.

ఆక్టేన్ అంటే బలం కాదు. స్పార్క్ పడకముందే, లేదా మంట ఇంకా అంతటా పాకకముందే, పెట్రోలు ఒత్తిడికీ వేడికీ తనంతట తాను అంటుకోకుండా ఎంతవరకు తట్టుకుంటుందో చెప్పే అంకె అది. చాలా కొత్త బండ్లలో నాకింగ్‌ని పసిగట్టే నాక్ సెన్సర్ ఉంటుంది. వాటిలోని కొన్ని కంప్యూటర్లు ఎక్కువ ఆక్టేన్ పెట్రోలు పడితే టైమింగ్ (స్పార్క్ పడే సమయం) ముందుకు జరిపి దాన్ని వాడుకుంటాయి కూడా. నా బండిలో ఉన్నది డిస్ట్రిబ్యూటర్, స్పార్క్‌ని ప్లగ్గులకు పంచే పాతకాలం పరికరం. ట్యాంకులో ఏం పోశానో దానికి తెలియదు. పైగా ఈ బండి తయారైన రోజుల్లో మన దగ్గర మామూలు పెట్రోలు 87. దీని కంప్రెషన్, అంటే సిలిండర్లో గాలీ పెట్రోలూ ఎన్నింతలు నొక్కుకుపోతాయన్న లెక్క, తొమ్మిదిలోపే. ఇప్పుడు బంకులో అన్నిటికంటే చవక పెట్రోలే 91కి తగ్గదు. మరి 87తో బతికిన ఇంజన్‌కి 95 ఎందుకు కావలసి వచ్చింది?

జవాబు హెడ్ (ఇంజన్ పైమూత) కింద ఉండే గ్యాస్కెట్ పోయినప్పుడు దొరికింది. ఈసారి బండి చూసినాయన కార్బురేటర్ల కాలం మనిషి. ముందు టైమింగ్ లైట్ పెట్టి చూసి, "ఏటి బాబూ, దీన్నెవరు ఇంత ముందుకు తిప్పేశారు?" అన్నాడు. పికప్ కోసం ఎవరో ఎప్పుడో డిస్ట్రిబ్యూటర్ తిప్పి వదిలేశారు. హెడ్ దించితే పిస్టన్ల నెత్తిన కార్బన్ అట్టలు కట్టి ఉంది. ఆ అట్ట వల్ల లోపల చోటు తగ్గి కంప్రెషన్ పెరుగుతుంది, అది ఎర్రగా కాలి వేడినీ పట్టి ఉంచుతుంది. అంటే వయసుతోపాటు ఇంజన్ ఆక్టేన్ ఆకలీ పెరుగుతుంది. కార్బన్ గీకించి, టైమింగ్ సరిచేయించి, రేడియేటర్ కడిగించి మామూలు పెట్రోలుతో అదే ఘాట్ ఎక్కాను. బాగా నిటారుగా ఉన్న ఒకటి రెండు మలుపుల్లో కాస్త గలగల, అంతే. 95 చేసిన మేలు అబద్ధం కాదు. కానీ అది జ్వరం దించింది, జబ్బు జోలికి పోలేదు.

ఇంకో సంగతి. 2025 ఆగస్టులో పెట్రోలియం శాఖ ఇచ్చిన వివరణ ప్రకారం 20 శాతం ఇథనాల్ కలపడంతో మామూలు పెట్రోలే 95కి చేరింది. నేను 95కి మారినప్పుడు కనిపించినంత తేడా ఇప్పుడు ఆ రెండింటి మధ్య ఉండాలన్న లెక్కే లేదు. లీటరుకి డబ్బు ఎక్కువ పెట్టేవాళ్లు ఇది చూసుకోవాలి. అలాగని ఇథనాల్ నా బండికి మేలే చేసిందనీ అనను. ఇథనాల్‌కి తగ్గట్టు కార్బురేటర్ తనంతట తాను మిక్చర్ (గాలి, పెట్రోలు పాళ్లు) సరిదిద్దుకోలేదు కాబట్టి ఇంజన్‌కి గాలితో పోలిస్తే పెట్రోలు తక్కువగా అందుతోంది, పొద్దున చోక్ లాగి ఎక్కువసేపు ఉంచాల్సి వస్తోంది. పెట్రోలు పంపులోని రబ్బరు పొర (డయాఫ్రమ్) ఉబ్బి కారడం మొదలైంది, మార్పించాను. ఆక్టేన్ అంకె ఎంత పెద్దదైనా రబ్బరును కాపాడదు. 95 అని రాసినంత మాత్రాన అందులో ఇథనాల్ లేదని కాదు.

ప్రస్తుతం ఊళ్లో మామూలు పెట్రోలే. ఎండాకాలంలో నిండు బండితో కొండెక్కాల్సి వస్తే ఒక ట్యాంకు 95 ఇంకా కొట్టిస్తాను, మనశ్శాంతి కోసమే అనుకోండి. బండి వారానికోసారి తీస్తాను, మెకానిక్ ఇంటికి దగ్గర, కాబట్టి నాకు ఇలా కుదిరింది. రోజూ ఘాట్ మీద తిరిగేవాళ్లకి, హెడ్ దించే ఖర్చు ఇప్పుడే పెట్టలేనివాళ్లకి 95 వద్దని చెప్పను. వాళ్లు కూడా టైమింగ్ మాత్రం ఒకసారి చూపించుకుంటే మంచిది, దానికి పెద్దగా ఖర్చవదు. నా వరకు, అక్కడ మిగిలిన డబ్బు ట్యాంకు నుంచి కార్బురేటర్ దాకా కొత్త గొట్టాలకు పోతోంది.