విదేశీ టైపింగ్ ప్రాజెక్టు ప్యాకేజీ కొనబోయేవారికి హెచ్చరిక

ఇంట్లో కూర్చునే ఇంటర్నెట్ ద్వారా విదేశీ కంపెనీలకు పనిచేసే అవకాశం ఇప్పిస్తామని చెప్పి అమ్ముతున్న ఒక ప్యాకేజీ కొని నేను మోసపోయాను. అలాంటి ప్యాకేజీలే వేరువేరు పేర్లతో ఇప్పటికీ ప్రకటనల్లో కనిపిస్తున్నాయి కనుక, కొనాలన్న ఆలోచనలో ఉన్నవారు డబ్బు కట్టకముందే చదువుతారన్న ఆశతో జరిగినదంతా రాస్తున్నాను. అమ్మినవారి పేరు రాయడం లేదు. పేరు మార్చుకోవడం వారికి ఒక పూట పని, పద్ధతి మాత్రం అదే ఉంటుంది.

లండన్‌లోని ఒక ప్రచురణ సంస్థ దగ్గర ఉన్న పాత పత్రాల స్కాన్ కాపీలను చూసి టైపు చేయాలని, పనివేళలు మన ఇష్టమని, జీతం నెలనెలా పౌండ్లలో వస్తుందని ప్రకటనలో ఉంది. ఫోన్లో మాట్లాడినావిడ ఎంతో మర్యాదగా, తొందరపెట్టకుండా, అడిగిన ప్రతి ప్రశ్నకూ ఓపికగా జవాబు చెప్పారు. రిజిస్ట్రేషన్, సాఫ్ట్‌వేర్ లైసెన్సు, శిక్షణ మూడింటికీ కలిపి ఒకేసారి డబ్బు కట్టాలని, అదంతా మొదటి నెల జీతంతో పాటు తిరిగి వస్తుందని ఆవిడ చెప్పినప్పుడు, తిరిగి ఇచ్చేసే డబ్బును ముందుగా తీసుకోవడం ఎందుకని నేను అడగలేదు. ఉద్యోగం పోయి అప్పటికి నాలుగు నెలలైంది, అడగాలనిపించలేదు.

ఉద్యోగం ఇప్పించే సంస్థ ఆ ఉద్యోగం చేయబోయే మనిషి దగ్గరే డబ్బు తీసుకోవడమన్నది నేను మొదట పట్టించుకోవలసిన విషయం. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1997లో ఆమోదించిన 181వ ఒప్పందంలోని 7వ అధికరణం, ప్రైవేటు నియామక ఏజెన్సీలు పనివారి నుంచి నేరుగా గాని పరోక్షంగా గాని, పూర్తిగా గాని కొంత గాని రుసుములూ ఖర్చులూ వసూలు చేయరాదని చెబుతుంది. అన్ని దేశాలూ ఆ ఒప్పందాన్ని స్వీకరించలేదు, దానిలో మినహాయింపులకూ చోటుంది. అయినా ఇది ముందే తెలిసి ఉంటే "లైసెన్సు ఫీజు" అన్న మాట దగ్గర కనీసం ఒక రోజు ఆగేదాన్ని.

డబ్బు కట్టిన మర్నాడు పదకొండు పేజీల ఒప్పందం వచ్చింది. నేను మొదటి రెండు పేజీలు చదివి, మిగిలినవి తిరగేసి, ఆన్‌లైన్‌లోనే సంతకం పెట్టాను. అసలు సంగతంతా ఏడో పేజీలో ఉంది. ఏడు రోజుల్లో 500 పేజీలు పూర్తి చేయాలి, 98 శాతం పేజీలు తప్పు లేకుండా ఉండాలి, ఒక్క అక్షరం తేడా వచ్చినా ఆ పేజీ మొత్తం తప్పు కింద లెక్క, నిర్ణీత శాతం రాకపోతే ప్రాజెక్టు విఫలమైనట్టే కాబట్టి "సాంకేతిక నిర్వహణ ఖర్చులు" పని చేసినవారే చెల్లించాలి.

ఈ లెక్కను కాగితం మీద వేసి చూడవలసింది. నాకు వచ్చిన పేజీల్లో ఒక్కొక్కదానిలో సుమారు 1,800 అక్షరాలున్నాయి. నిమిషానికి 200 అక్షరాల వేగంతో ఆగకుండా కొట్టినా పేజీకి 9 నిమిషాలు పడుతుంది. రోజుకు 71 పేజీలకు పైగా చేయాలి కనుక సరిచూసుకునే సమయం కాక దాదాపు 11 గంటలు టైపింగుకే పోతాయి. 98 శాతమంటే 490 పేజీలు నిక్కచ్చిగా ఉండాలి, అంటే 8,82,000 అక్షరాల్లో ఒక్కటి కూడా తప్పకూడదు. ఇది మనిషి వల్ల అయ్యే పని కాదు.

పైగా ఆ స్కాన్ కాపీలను కావాలనే మసకబార్చారని ఇప్పుడు అనుకుంటున్నాను. ఒక పేజీలో ఇంటిపేరు ఒకటి ఉంది. దానిని తెరపై నాలుగింతలు పెద్దది చేసి చూసినా, ఇంగ్లీషు చిన్నబడి "ఆర్", "ఎన్" అక్షరాలు పక్కపక్కన ఉన్నాయా, లేక ఒకే "ఎమ్" ఉందా అన్నది తేలలేదు. ఆ ఒక్క పేరు దగ్గర పావుగంట కూర్చున్నాను. అదే పేరు మరో మూడు పేజీల్లో మూడు రకాలుగా కనిపించింది. ఏది సరైనదని మెయిల్ పెడితే "కనిపించినది కనిపించినట్టుగా కొట్టండి" అని జవాబు వచ్చింది.

నిద్ర మానుకుని ఏడో రోజు రాత్రి ఫైళ్లు పంపాను. రెండు రోజుల తర్వాత 91 శాతం వచ్చిందని, ప్రాజెక్టు విఫలమైందని తెలియజేశారు. తప్పులున్న పేజీల జాబితా అడిగితే అది క్లయింటు రహస్యమన్నారు. ఆ సాయంత్రమే ఒక న్యాయవాది పేరుతో వాట్సాప్‌లో నోటీసు వచ్చింది. 48 గంటల్లో నష్టపరిహారం చెల్లించకపోతే క్రిమినల్ కేసు పెడతామని, నా గుర్తింపు పత్రాల కాపీలు తమ దగ్గర ఉన్నాయని అందులో ఉంది. నేను భయపడి సగం మొత్తం పంపాను. సిగ్గుగా ఉన్నా ఈ మాట దాచడం లేదు, ఎందుకంటే ఈ మోసంలో నన్ను ఎక్కువగా ముంచింది ఈ అడుగే. డబ్బు అందిన మర్నాడే రెండో నోటీసు వచ్చింది, ఈసారి అడిగిన మొత్తం మొదటిదానికి రెట్టింపు.

అప్పుడు గాని ఆ కాగితాలు పట్టుకుని నిజమైన లాయరు గారి దగ్గరికి వెళ్లలేదు. ఆయన నోటీసులోని మూడు పేజీలూ పక్కపక్కన పరిచి, మూడింటి మీదా ఉన్న కోర్టు ముద్రను వేలితో చూపించారు. ఒకే వంపు, కుడివైపు ఒకే సిరా మరక. ఒక బొమ్మను మూడుసార్లు అతికించారన్నమాట. న్యాయవాది పంపే నోటీసు ఒక ఉత్తరం మాత్రమేనని, దాని మీద కోర్టు ముద్ర ఉండదని ఆయన చెప్పారు. తర్వాత ఒప్పందం మొదటినుంచి చివరిదాకా చదివి, "ఇందులో నీకు జీతం ఎవరిస్తారో, ఎంతిస్తారో ఎక్కడుందమ్మా?" అని అడిగారు. వెతికాను. పదకొండు పేజీల్లోనూ లేదు.

సంస్థ వివరాలు నేను చూసినది కూడా ఆ తర్వాతే. వెబ్‌సైటు పేరు ఎప్పుడు నమోదైందో, ఇంటర్నెట్‌లో సైట్ల పేర్ల వ్యవస్థను చూసుకునే ఐకాన్ (ICANN) సంస్థ లుకప్ పేజీలో ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. ముప్పై ఏళ్ల అనుభవం ఉందని చెప్పుకున్న ఆ సంస్థ సైటు, ప్రకటనకు అయిదు వారాల ముందు నమోదైంది. బ్రిటన్‌లో కంపెనీలను నమోదు చేసే కంపెనీస్ హౌస్ జాబితాలో మాత్రం ఆ పేరుతో నిజంగానే ఒక కంపెనీ ఉంది. ఇక్కడే చాలామంది మోసపోతారు. పేరు అసలుదే, దానిని వాడుకున్నవారే వేరు. అసలు కంపెనీ మెయిల్ చిరునామాకూ నాకు వచ్చిన మెయిళ్ల చిరునామాకూ మధ్య తేడా ఒక్క అడ్డగీత. అసలు కంపెనీకి రాస్తే, తాము టైపింగ్ పనులేవీ బయటికి ఇవ్వడం లేదని రెండు వాక్యాల్లో జవాబిచ్చారు.

టైపింగ్ జోలికి పోనివారికీ ఒక మాట. వీడియోలకు లైకులు కొట్టడం, హోటళ్లకు రేటింగులు ఇవ్వడం వంటి "టాస్కుల" పేరుతో జరిగే మోసాలపై 2023లో సుమారు 5,000 ఫిర్యాదులు వస్తే, 2024 మొదటి ఆరు నెలల్లోనే సుమారు 20,000 వచ్చాయని అమెరికాలో వినియోగదారుల రక్షణ చూసే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ తెలిపింది. వాటిలో మొదట చిన్న మొత్తం చేతికి ఇచ్చి నమ్మిస్తారు, ఆ తర్వాత క్రిప్టోలో కట్టించుకుంటారు.

నిజమైన విదేశీ పని దొరకదని నేను అనడం లేదు. క్లయింట్లనూ పనిచేసేవారినీ కలిపే అప్‌వర్క్ వంటి ప్లాట్‌ఫామ్‌లో బిడ్ వేయడానికి, అంటే ఒక పని కోసం దరఖాస్తు పంపడానికి, చిన్న రుసుము ఉన్నా, కమీషన్‌ను మన సంపాదనలోంచే మినహాయించుకుంటారు, స్థిర ధర పనికి క్లయింటు డబ్బు ముందే ఎస్క్రోలో, అంటే పని అయ్యేదాకా పట్టి ఉంచే ఖాతాలో, పడుతుంది. అక్కడ పరిచయమైనవారు బయట మాట్లాడుకుందాం, బయటే చెల్లిస్తాం అంటే ఆ రక్షణ పోతుందని గుర్తుంచుకోండి.

ప్యాకేజీ డబ్బులో కొంత కార్డుతోనూ, "డిస్కౌంటు" కోసమని మిగిలినది బ్యాంకు బదిలీగానూ కట్టాను. కార్డుతో కట్టినది బ్యాంకులో వివాదం (ఆ చెల్లింపుపై అభ్యంతరం) నమోదు చేశాక తిరిగి వచ్చింది. వీసా, మాస్టర్‌కార్డ్ నిబంధనల్లో చాలా రకాల వివాదాలకు గడువు సాధారణంగా 120 రోజులు, బ్యాంకును బట్టి అది ఇంకా తగ్గవచ్చు కనుక ఆలస్యం చేయకండి. బదిలీ చేసిన డబ్బు, నోటీసుకు భయపడి కట్టిన డబ్బు రాలేదు.

ఈ మోసంపై నేను ఫిర్యాదు చేసిన పంతొమ్మిది రోజులకు, పోయిన సొమ్ము రాబట్టి ఇచ్చే సంస్థమంటూ ఒకరు సందేశం పంపారు. పదిశాతం ముందుగా కడితే చాలన్నారు. నేను పోగొట్టుకున్న మొత్తాన్ని, కార్డు ద్వారా తిరిగి వచ్చినది తీసివేసి, చివరి అంకెతో సహా రాశారు. ఆ లెక్క నాకు, నా బ్యాంకుకు, ఫిర్యాదు తీసుకున్నవారికి, ప్యాకేజీ అమ్మినవారికి తప్ప మరెవరికీ తెలిసే అవకాశం లేదు. జవాబివ్వకుండా ఆ సందేశాన్ని స్క్రీన్‌షాట్ తీసి ఫిర్యాదుకు జతచేశాను.