బోటు చూడ్డానికెళ్ళి ఎండు చేపలకి మూడొందలు కట్టొచ్చాం

మా బావకి చేపల వేట బోటు కొందామని ఇద్దరం ఊళ్ళు తిరిగొచ్చాం. ముందు బందరు లాడ్జి సంగతి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు, బోట్ల సంగతి తర్వాత. గది 900 అన్నాడు, ఏసీ కావాలంటే ఇంకో 400 అన్నాడు, మే నెల కదా అని 1300 కట్టేశాం. నేను కాకినాడలో ఏసీలు బాగుచేసుకుని బతికేవాణ్ణి, స్విచ్ వేసిన రెండు నిమిషాలకే తెలిసిపోయింది అందులో గ్యాస్ లేదని, ఉత్తి ఫ్యాను తిరుగుతోంది అంతే. కిందకెళ్ళి చెప్తే కౌంటర్లో కుర్రాడు "కాసేపాగండి సార్, చల్లబడిపోద్ది" అన్నాడు. నా పనే ఇది బాబూ అన్నా అదే మాట. కుళాయిలో ఉప్పునీళ్ళు, సబ్బు రుద్దితే నురగే రాలేదు, రాత్రి రెండింటికి లైటేసి చూస్తే దిండు కుట్ల వెంబడి నల్లులు.

అవన్నీ ఓర్చుకున్నాం. పొద్దున్న ఖాళీ చేసేటప్పుడు బిల్లులో 300 ఎక్కువేశాడు. ఏంటిదంటే "రూములో ఎండు చేపల వాసనండి, క్లీనింగ్ ఛార్జి". చీరాల్లో ఉన్న బావ వాళ్ళ పిన్నికిమ్మని మా అక్క కేజీ ఎండు సావళ్ళు కవర్లో కట్టి ఆయన సంచిలో పెట్టింది, అదీ నేరం. గిలకలదిండి హార్బరు ఉన్న ఊరండీ అది, ఆ లాడ్జి కింద హోటల్లోనే రొయ్యల వేపుడు ప్లేటు 220కి అమ్ముతున్నారు, పైనేమో చేప వాసనకి ఫైను. నేను అరుస్తున్నా, బావ మాత్రం సంచి భుజానేసుకుని మెట్ల దగ్గర నించుని "కట్టెయ్‌రా, పోదాం" అన్నాడు. తర్వాత రేపల్లె దాకా ఒక్క మాట లేదు. ఆయన కోపం అరుపుల్లో ఉండదు, అదే భయం నాకు.

ఇప్పుడు అసలు సంగతి. మా అక్కావాళ్ళది ఉప్పాడ దగ్గర కోనపాపపేట. బావ ఫైబరు బోటుకి తొమ్మిదేళ్ళు నిండాయి, ఇంజను బిగించే వెనక పలక దగ్గర పగుళ్ళొచ్చాయి, పోయిన ఏడాది రెండుసార్లు అతికించినా మళ్ళీ నీరు లాగుతోంది. ఇంజను కొని రెండేళ్ళే, కాబట్టి ఉత్తి బోటు కొంటే చాలు, చేతిలో రెండున్నర లక్షలు, అందులో అరవై వేలు నావి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కదా, ఈ అరవై ఒక్క రోజులూ బోట్లన్నీ ఒడ్డునే బోర్లించి ఉంటాయి, అడుగు భాగం చూడాలంటే ఇదే అదను.

సబ్సిడీ సంగతి కూడా అడిగాం. మత్స్య సంపద పథకంలో మామూలుగా 40 శాతం, ఆడవాళ్ళ పేరు మీదైతే 60 శాతం వస్తుందన్నారు, అక్క పేరు మీద పెడదామనుకున్నాం. ఒకాఫీసులో ఒకాయన ఫోన్లోంచి తలెత్తకుండానే "లిస్టయిపోయింది, వచ్చే ఏడు రండి" అన్నాడు. వచ్చే ఏడు దాకా పగిలిన బోటులో వెళ్ళమనా. సరే అని సొంత డబ్బుతోనే బయల్దేరాం.

మొదట వైజాగ్ వెళ్ళాం, సామర్లకోటలో రైలెక్కి సాయంత్రానికి తిరిగొచ్చేశాం. పెద్దజాలారిపేటలో ఒక సెకండ్ హ్యాండ్ బోటు ఉందన్నారు, 29 అడుగులు, నాలుగేళ్ళది, 1,40,000 చెప్పారు. పైనుంచి చూస్తే కొత్త పెళ్ళికూతురే. బావ జేబులోంచి పది రూపాయల బిళ్ళ తీసి అడుగు భాగం అంతా కొట్టుకుంటూ పోయాడు, జానెడు జానెడుకి టక్ టక్ టక్. ఒకచోట టక్ పోయి డబ్ అంది. మళ్ళీ పక్కన కొట్టాడు, డబ్. వేలితో గీరితే పెయింటు కింద తెల్లగా పొడి రాలింది, అది ఫైబరు కాదు, కార్లకి పెట్టే పుట్టీ. లోపల పొరలు విడిపోయిన చోట పుట్టీ మెత్తి రంగేశారన్నమాట. అమ్మే ఆయన మాత్రం నిజాయితీగానే "అక్కడ రాయి తగిలింది తమ్ముడూ, అందుకే రేటు తగ్గించా" అని ఒప్పుకున్నాడు, ఆయన మీద నాకేం కోపం లేదు. సెకండ్ హ్యాండ్ చూసేవాళ్ళు బిళ్ళ ఒకటి జేబులో పెట్టుకుని వెళ్ళండి, ఫోటోలు చూసి మాత్రం అడ్వాన్సులు ఇవ్వకండి. ఈ మాట నేను తర్వాత నాకే చెప్పుకోవాల్సొచ్చింది.

దక్షిణం వైపు బైకు మీదే వెళ్దామన్నాడు బావ. 216 హైవే మన కోసమే వేసినట్టు కాకినాడ నుంచి సముద్రం పక్క ఊళ్ళన్నీ కలుపుకుంటూ చీరాల మీదుగా ఒంగోలు దాకా పోతుంది. తాళ్ళరేవులో ఆగాం, అక్కడ ఇంకా చెక్క బోట్లు కడుతున్నారు. పక్కటెముకల్లా చెక్కలు నిలబెట్టి ఉంటే వాటి మధ్యలోంచి మనుషులు తిరుగుతున్నారు, ఒక ముసలాయన నూనెలో తడిపిన పత్తిని పేనుకుంటూ చెక్కల సందుల్లో ఉలితో కొడుతున్నాడు, ఒక్కో బారెడు సందుకి పావుగంట. బావ అక్కడే గంట కూర్చుండిపోయాడు, వాళ్ళ తాత నావ ఇలాగే ఉండేదట. కానీ అవన్నీ కేబిన్‌తో కట్టే పెద్ద బోట్లు, మన లెక్కకి అందేవి కావు, పైగా ఒడ్డు మీదకి లాక్కునేవి కావు. యానాంలో పెట్రోలు కొట్టించుకోండి, లీటరుకి పది రూపాయల పైనే మిగులుతుంది. అక్కడ బావ ఇంకొకటి కూడా కొన్నాడు, అది అక్కకి తెలీదు.

సఖినేటిపల్లిలో పంటు, అదే గోదారి దాటించే బల్లకట్టు, ఎక్కితే అటు నర్సాపురం, దగ్గర దారి కదా అనుకున్నాం. గోదారి పాటు మీదుంది, నీళ్ళు లాగేశాయి, పంటు ఒడ్డుకి రాలేకపోయింది, గంటన్నర ఎండలో నించున్నాం. చించినాడ వంతెన మీంచి వెళ్ళుంటే ఈపాటికి మొగల్తూరు దాటేవాళ్ళం. బావ మాత్రం ఆ గంటన్నరా గోదాట్లో కాళ్ళు పెట్టుకుని పంటు నడిపే ఆయనతో ఇంజన్ల గురించి కబుర్లు.

బందరు. సాయంత్రం నాలుగింటికి బోట్లు తయారుచేసే ఒక యార్డుకెళ్ళాం, పేరు చెప్పను. ముందు షెడ్డులో నీలం రంగు బోటు, అద్దంలా మెరుస్తోంది, చూస్తే మొహం కనపడుతోంది. 32 అడుగులు, 2,10,000, రేపట్నుంచి రెజిన్ (ఫైబరు పొరల్ని పట్టి ఉంచే జిగురు) రేటు పెరుగుతోంది కాబట్టి ఈ రేటు ఈ రోజు వరకే అన్నాడు యార్డాయన. కూల్ డ్రింక్ ఇచ్చాడు, కుర్చీలేశాడు, సార్ సార్ అన్నాడు. బావ బాత్రూముకని వెనక్కి వెళ్ళాడు, ఈలోపు నేను, అవును నేనే, పదివేలు ఫోన్‌పే కొట్టేశా.

బావ తిరిగొచ్చిన మొహం చూడగానే నా కడుపులో తిప్పింది. వెనక షెడ్డులో అచ్చులో ఇంకో బోటు పోస్తున్నారట, అంచు దగ్గర రెండే పొరల మ్యాటు, అంటే ఫైబరు పీచు పరుపు, కనపడుతోందట, పైన బ్రష్షుతో రెజిన్ పూసేసి ముందుకెళ్ళిపోతున్నారు, గాలి బుడగలు తీసే రోలరే వాడట్లేదు. తర్వాత ఆయన ఏం మాట్లాడకుండా నీలం బోటు పక్కన నించుని చేతులు రెండూ చాపి బారలతో కొలవడం మొదలెట్టాడు. బావ బార ఐదున్నర అడుగులు, వలలు కొలిచి కొలిచి అది టేపు కంటే కచ్చితం. ఐదున్నర బారలకే బోటైపోయింది. అంటే ముప్ఫై అడుగులు. మిగతా రెండడుగులేవయ్యా అంటే వాడు "వెనక ఇంజను పొడవు కూడా కలిపి చెప్తామండి" అన్నాడు. ఇంజను మాది, అడుగులు వాడివి!

అడ్వాన్సు తిరిగిమ్మంటే సార్ కాస్తా "ఏంటయ్యా" అయిపోయింది. బుకింగ్ డబ్బులు వెనక్కివ్వరంట, కావాలంటే లైఫ్ జాకెట్లు తీసుకోమన్నాడు. గంటసేపు నేను గొంతు చించుకుంటే నాలుగు వేలు తిరిగిచ్చాడు. ఆరు వేలు పోయాయి. రసీదు కూడా తీసుకోలేదు నేను, ఎవరికి చెప్పుకోను. ఆ కోపంతో తిన్నగా వెళ్ళి పడుకున్న లాడ్జే పైన చెప్పింది. బందరు లడ్డు మాత్రం బాగుంది, అరకేజీ తిన్నా ఒక్కణ్ణే, ఆ మాట కూడా చెప్పాలి.

ఒకటి ఒప్పుకోవాలి, అక్కడి బోట్లు అన్నీ చెత్తని కాదు. హార్బర్లో కట్టేసుకుని ఉప్పుటేరులోంచి మొగ (ఏరు సముద్రంలో కలిసే చోటు) దాటి వెళ్ళేవాళ్ళకి బోటు ముక్కు కిందకున్నా నడుస్తుంది. మాకు హార్బరు లేదు, ఇసకలోంచి తోసి కెరటాల మీదకెక్కించాలి, ముక్కు ఎత్తుగా లేకపోతే మూడో కెరటానికే నీళ్ళు లోపలుంటాయి. తిరిగొచ్చాక ట్రాక్టరుతో ఇసక మీదకి లాగుతారు, అడుగున మధ్యలో ఉండే కీల్ రోజూ గరుక్కాగితం మీద రుద్దినట్టు అరుగుతుంది. ఎవరి ఒడ్డుకి తగ్గ బోటు వాళ్ళది, వేరే ఊళ్ళో బాగుందని కొనేసుకుంటే కుదరదు.

మర్నాడు పెనుమూడి వంతెన దాటి, రేపల్లె, బాపట్ల మీదుగా చీరాల. వాడరేవు దారిలో ఒక రేకుల షెడ్డు, బోర్డు కూడా లేదు, పిన్నిగారబ్బాయి చెప్తే వెళ్ళాం. మేస్త్రీకి అరవై పైనే ఉంటాయి, చేతుల నిండా ఎండిపోయిన రెజిన్. మమ్మల్ని కూర్చోమని కూడా అనలేదు, "రండి" అని లోపలికి పోయాడు. గోడకి ఒక ఇనప చువ్వకి గుండ్రటి ఫైబరు బిళ్ళలు గుచ్చి ఉన్నాయి, గారెల దండలా. ఇవేంటంటే బోటుకి రంధ్రం కోసినప్పుడల్లా వచ్చిన ముక్క, ప్రతి బోటుదీ దాచాడు. ఒకటి తీసి బావ చేతిలో పెట్టాడు. అంచు చూస్తే పొరలు లెక్కపెట్టుకోవచ్చు, మధ్యలో ఒక్క బుడగ లేదు. మందం నా చిటికెనవేలంత.

బావ రెండు రోజుల్లో మొదటిసారి నవ్వాడు.

ఆయన చెప్పిందాంట్లో నాకు నచ్చిన ముక్క ఇది, అడుగులు అడగొద్దు, కేజీలడగమన్నాడు. ఎన్ని కేజీల మ్యాటు పడుతుంది, ఎన్ని కేజీల రెజిన్ పడుతుంది. మ్యాటుకి రెండున్నర రెట్లు దాకా రెజిన్ పట్టాలి, మరీ ఎక్కువ పోస్తే పెళుసుగా పగులుతుంది, తక్కువైతే పీచు తడవక నీరు తాగుతుంది. మే నెల వేడికి రెజిన్ డబ్బాలోనే గడ్డకట్టేస్తుంది కాబట్టి దాన్ని గట్టిపరిచే హార్డనర్ తగ్గించి కలిపి, పొద్దున్న తొమ్మిదిలోపే పోసి ఆపేస్తాడు. అందుకే ఆలస్యం, తొందరైతే వేరే చోటికెళ్ళండి అన్నాడు. కూర్చునే బల్లల కింద ఫోమ్ నింపి మూసేస్తాడు, బోటు నీళ్ళతో నిండినా మునిగిపోకుండా తేలుతుంది, పట్టుకుని వేలాడొచ్చు. బందరు బోటు బల్లలు నేను తట్టి చూశా, డొల్ల.

30 అడుగులు, ముక్కు ఎత్తు పెంచి, కీల్ కింద రెండు పొరలు అదనంగా వేసి 2,38,000. నేను బేరం ఆడబోతే బావ నా కాలు తొక్కాడు. చివరికి మేస్త్రీయే ఎనిమిది వేలు తగ్గించి 2,30,000 అన్నాడు. అడ్వాన్సు పాతికవేలు, తెల్లకాగితం మీద కొలతలు, కేజీలు, తేదీ రాసి సంతకం పెట్టిచ్చాడు. మీరూ అలాగే రాయించుకోండి. లారీ బాడుగ వేరే, కోనపాపపేట దాకా 22,000 అడుగుతున్నారు, అది నాకు బాధగానే ఉంది. అదీ ఆరు వేలూ కలిపి చూస్తే మా లెక్క దాటిపోయింది.

మధ్యాహ్నం వాడరేవు ఒడ్డున తాటాకుల పాకలో భోంచేశాం, మనిషికి 120. నిషేధం కదా ఏం చేపలుంటాయిలే అనుకున్నా, కానీ ఇంజను లేని తెప్పలకి నిషేధం లేదుగా, పొద్దున్న పట్టిన నెత్తళ్ళట. పచ్చి మామిడికాయ ముక్కలేసి పులుసు పెట్టిందావిడ, చింతపండు లేదు, మెంతులు లేవు, ఉప్పు కారం మామిడికాయ అంతే. ముల్లుతో సహా నమిలేసేంత చిన్న చేప, పులుపు దాని ఒంట్లోకి దిగి ఉంది. బావ మూడుసార్లు అన్నం పెట్టించుకున్నాడు. నాలుగోసారి ఆవిడే అడక్కుండా గిన్నె తెచ్చి పక్కన పెట్టి, "ఏ ఊరు బాబూ" అంది. ఉప్పాడ పక్కనంటే "అయితే సంచిలోవి సావళ్ళేనా" అంది. వాసన పట్టేసింది! పిన్నిగారికి ముప్పావు కేజీయే చేరింది, పావు ఇక్కడే ఇచ్చేశాడు బావ, ఆవిడ భోజనం డబ్బుల్లో నలభై తగ్గించింది. చీరాల్లో గది 700, ఏసీ లేదు, మంచినీళ్ళు, శుభ్రంగా ఉంది, ఇంకేం చెప్పక్కర్లేదు.

జూన్ 10కి ఇస్తానన్నాడు మేస్త్రీ, లోడింగ్ రోజు మళ్ళీ వెళ్ళాలి. రిజిస్ట్రేషన్ నంబరు, అక్క పేరు అక్కడే రాయించేస్తాం. ఈసారి చించినాడ వంతెన మీంచే పోదాం అని నేనంటున్నా, బావేమో పంటే ఎక్కుదాం అంటున్నాడు.