అట్ట కార్డులతో మూడేళ్లు: ప్లిక్కర్స్ వాడిన నా అనుభవం

"అర్థమైందా?" అంటే తరగతి మొత్తం ఒక్క గొంతుతో "అర్థమైంది మేడమ్" అంటుంది. చిత్తూరు దగ్గర ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెబుతూ ఏళ్ల తరబడి ఆ మాటే నమ్ముకున్నాను. పిల్లల జవాబులను కార్డుల ద్వారా చూపించే ప్లిక్కర్స్ అనే యాప్ వాడడం మొదలుపెట్టిన నెలలోనే ఆ నమ్మకం పోయింది. పోవడమే మంచిదైంది.

ఇందులో పిల్లల చేతికి ఫోను, ట్యాబు ఏదీ అక్కర్లేదు. ఒక్కొక్కరికి ఒక నంబరున్న కార్డు. మధ్యలో నల్ల గళ్ల బొమ్మ, నాలుగు అంచుల్లో చిన్న అక్షరాలతో ఎ, బి, సి, డి. ఏ జవాబు అనుకుంటే ఆ అక్షరం పైకి వచ్చేలా తిప్పి పట్టుకోవాలి. టీచరు తన ఫోన్ కెమెరాను తరగతి వైపు ఒకసారి తిప్పితే ఎవరు ఏం చెప్పారో పేర్లతో సహా తెలుస్తుంది. ఏ కార్డు బొమ్మ దానిదే కాబట్టి పక్కవాడిని చూసి తిప్పడం కుదరదు. కార్డులు ఉచితంగానే దొరుకుతాయి. మామూలు కట్టలో 40 ఉంటాయి, ప్రింటు తీసుకుంటే చాలు.

మొదటి నెలలో ఏడో తరగతికి 1/3 + 1/4 ఎంతని అడిగాను. అంతకుముందే అరగంట పాఠం చెప్పి, బోర్డు మీద నాలుగు లెక్కలు చేయించి ఉన్నాను. కార్డులు లేచాయి. 36 మందిలో 19 మంది 2/7 అన్నారు! పైవి పైవాటితో, కిందవి కిందవాటితో కలిపేశారు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడు సూత్రం జోలికి పోలేదు. "దోసెలో మూడో వంతు నీ ప్లేట్లో ఉంది. ఇంకో ముక్క వేస్తే పెరుగుతుందా, తగ్గుతుందా?" అన్నాను. 2/7 అనేది 1/3 కంటే చిన్నదని కాగితం పట్టీలు మడిచి వాళ్లే తేల్చుకున్నారు. మళ్లీ కార్డులు ఎత్తితే తప్పు చెప్పింది ఐదుగురే.

మా బడిలో నాడు–నేడు కింద వచ్చిన పెద్ద తెర ప్యానెల్ ఉంది. దాని మీద వీడియోలు వేస్తే పిల్లలు కళ్లార్పకుండా చూస్తారు, కానీ చూస్తూనే ఉండిపోతారు. బొమ్మలు గీసి కదిలించే జియోజీబ్రా అనే లెక్కల యాప్ తెరిచి త్రిభుజం మూలను వాళ్ల చేత్తో లాగనిచ్చాక సంగతి మారింది. కోణాల మొత్తం 180 డిగ్రీల దగ్గరే నిలిచింది. ఒకడు మూలను కిందికంటా లాగి, త్రిభుజాన్ని గీతలా పరిచేసి, "ఇప్పుడు కూడా 180యేనా మేడమ్?" అన్నాడు. ఆ పీరియడంతా ఆ ప్రశ్నకే పోయింది. సంతోషంగా పోనిచ్చాను.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నా తప్పుల నుంచి కొన్ని మాటలు. కార్డులకు తళతళలాడే లామినేషన్ వేయించొద్దు. కిటికీ వెలుగు పడితే కెమెరాకు చిక్కవు. నేను వేయించిన కట్ట వృథా అయి, మళ్లీ మందపాటి అట్ట మీద ప్రింటు తీశాను. బొమ్మ మీద వేళ్లు పడకుండా పట్టుకోవడం ముందే నేర్పాలి. భిన్నాలు టైపు చేస్తూ కూర్చోకండి, లెక్క బోర్డు మీద రాసి యాప్‌లో ప్రశ్న నంబరు పెట్టుకుంటే సరిపోతుంది. తరగతిలోకి ఫోను తీసుకుపోవడానికి ప్రధానోపాధ్యాయుల అనుమతి ముందే తీసుకోండి. పీరియడుకు మూడు ప్రశ్నలు దాటితే పాఠానికి టైము మిగలదు. మార్కులు మాత్రం వేయకండి. వేస్తానన్న రోజే గుసగుసలు మొదలయ్యాయి, నాకు కావలసిన నిజం దాక్కుంది.

చివరి బెంచీలో ఒక అమ్మాయి ఉండేది. ఇంట్లో తమిళం, తెలుగులో తప్పు దొర్లుతుందేమోనని నోరు విప్పేది కాదు. నేను ఆమెకు లెక్కలు రావనే అనుకున్నాను. కార్డుల్లో చూస్తే వారం పొడవునా అన్నీ కరెక్టు. ఇప్పుడు తొమ్మిదిలో ఉంది. కార్డులు పంచే పని ఆమెదే. ఎవరి నంబరు ఎంతో కట్ట చూడకుండా చెప్పేస్తుంది, గట్టిగానే.