అతిమధురం వేసిన ఫ్లాస్కు కషాయం: రెండేళ్ల వాడకం తరువాత

కషాయాన్ని పొయ్యి మీద మరిగించడం మాని, ఫ్లాస్కులో రాత్రంతా ఊరబెట్టడం నేర్చుకున్నందుకు నాకు ఇప్పటికీ సంతోషంగానే ఉంది. అందులో అతిమధురం వేసినందుకు మాత్రం మనసులో బాధ అలాగే ఉంది. ఈ నాలుగు మాటలూ ముఖ్యంగా దాని గురించే రాస్తున్నాను.

2022 జూలైలో వేరే శాఖకు బదిలీ అయినప్పటి నుంచి రాత్రి రెండింటికి మెలకువ వచ్చేది. ఆ తరువాత తెల్లవారేదాకా బ్యాంకు లెక్కలే తలలో తిరిగేవి. తులసి కషాయం తాగమని అందరూ చెప్పేవారు. మూత లేని గిన్నెలో మరిగించి తాగితే, వాసన ఇల్లంతా నిండేది గాని గ్లాసులో ఏమీ మిగిలేది కాదు. తులసికి ఆ ఘుమఘుమను ఇచ్చే తైలం ఆవిరితో పాటు పోతుందని ఒక ఆయుర్వేద వైద్యురాలు చెప్పారు. మరిగించి దించేది క్వాథమని, వేడినీళ్లు పోసి మూతపెట్టి ఊరనిచ్చేది ఫాంటమని, సువాసన గల ఆకులకు రెండోదే తగినదని ఆమె వివరించారు.

అప్పటి నుంచి రాత్రి తొమ్మిదింటికి, లీటరు స్టీలు ఫ్లాస్కులో నీడన ఆరిన కృష్ణ తులసి రెండు గుప్పిళ్లు, నలగ్గొట్టిన ధనియాలు రెండు చెంచాలు వేసి, మరుగుతున్న నీళ్లు పోసి బిగించేవాడిని. తెల్లవారి వడగడితే రంగు చిక్కగా, వాసన నిండుగా ఉండేది. సగం పొద్దున, సగం సాయంత్రం ఇంటికి వచ్చాక తాగేవాడిని. పది రోజుల్లోనే నిద్ర కుదుటపడింది.

చక్కెర మానేసిన ఇల్లు కనుక, రుచి కోసం కొన్నాళ్లకు అతిమధురం చేర్చాను. వేలెడు పొడవున్న కాడలు రెండింటిని, తూచితే పది గ్రాములు, రోట్లో దంచితే పసుపుపచ్చని నార విడివడుతుంది. దాని తీపి చక్కెరలా నాలుకకు తగిలి ఆగిపోదు, మింగిన తరువాత గొంతులో మొదలై చాలాసేపు నిలుస్తుంది. ఆ తీపి కోసమే నేను సాయంత్రం ఎప్పుడవుతుందా అని ఎదురుచూసిన రోజులున్నాయి. బంధువుల్లో ముగ్గురికి నేనే ఈ పాళ్లు రాసి ఇచ్చాను.

రెండో ఏడాది వేసవిలో సాయంత్రం మేజోళ్లు విప్పితే చీలమండల చుట్టూ అచ్చు పడి, రాత్రి పడుకునేదాకా పోయేది కాదు. వేలితో నొక్కితే గుంట పడేది. మెట్లెక్కుతుంటే పిక్కలు పట్టేసేవి. మార్చి ఖాతాల ముగింపు అలసట ఇంకా తీరలేదేమో అనుకొని, కషాయం మరో గ్లాసు పెంచాను. తలనొప్పి తగ్గక ఆసుపత్రికి వెళితే రక్తపోటు 152/96 ఉంది, రక్తంలో పొటాషియం ఉండాల్సినదానికన్నా తగ్గి 3.2 ఉంది. నాకు 47 ఏళ్లు, అంతకుముందు రక్తపోటు ఏనాడూ లేదు. మందులేమైనా వాడుతున్నారా అని వైద్యుడు అడిగితే లేదన్నాను. కషాయం మందన్న తలంపే నాకు రాలేదు. ఇంట్లో చేసుకునేవన్నీ చెప్పమని ఆయన రెండోసారి అడిగినప్పుడు గాని అతిమధురం పేరు బయటికి రాలేదు.

ఆ తీపికి కారణమైన గ్లైసిరైజిన్, మూత్రపిండాల్లో కార్టిసాల్‌ను నిర్వీర్యం చేసే ఎంజైమును అడ్డుకుంటుందని ఆయన చెప్పారు. అప్పుడు శరీరం ఉప్పునూ నీటినీ పట్టి ఉంచుకుంటుంది, పొటాషియాన్ని పోగొట్టుకుంటుంది. కార్టిసాల్ అంటే మనం ఒత్తిడి హార్మోను అని పిలుచుకునేదే. ఒత్తిడి తగ్గాలని తాగినదే ఆ హార్మోనుకు నా మూత్రపిండాల దగ్గర దారి తెరిచిందని తెలిసిన రోజు నాకు అన్నం సహించలేదు. పైగా, రాత్రంతా ఊరితే సారమంతా దిగుతుందని నేను మెచ్చుకున్న పద్ధతి, ఈ సారాన్ని కూడా అంతే శ్రద్ధగా దింపింది. నేను కొన్న పొట్లం మీద రోజుకెంత, ఎన్నాళ్లు, ఎవరు వాడకూడదు అన్న ముక్క ఒక్కటీ లేదు. ఉండి ఉంటే బంధువులకు అలా రాసి ఇచ్చేవాడిని కాను. ఆ సాయంత్రమే ముగ్గురికీ ఫోన్ చేసి మానిపించాను. వారిలో ఒకరు అప్పటికే రక్తపోటు మాత్రలు వాడుతున్నారు.

మానేసిన నాలుగో వారానికి రక్తపోటు 126/80కి దిగింది, వాపు పోయింది. ఇప్పుడు అతిమధురం స్థానంలో చెంచాడు సోంపు వేస్తున్నాను. ఆ తీపి రాదు, చిన్న తీపి ఛాయ మాత్రం వస్తుంది. ఫ్లాస్కు మూతలోని రబ్బరు వాషరును విడిగా కడగకపోతే నిన్నటి వాసన నేటి కషాయానికి పడుతుంది కనుక, ఆ పని రోజూ చేయక తప్పదు.

నిద్ర విషయంలో ఒక మాట సరిదిద్దాలి. కషాయం మొదలుపెట్టిన వారమే నేను సాయంత్రపు కాఫీ కూడా మానేశాను. కనుక ఆ పది రోజుల ఘనత ఎంత తులసిది, ఎంత మానిన కాఫీది అన్నది విడదీయలేను. మా ఆవిడ థైరాయిడ్ మాత్రలు వాడుతుంది కాబట్టి, వైద్యుడు వద్దన్న మీదట, నిద్రకని చాలామంది వాడే అశ్వగంధ జోలికి మేము వెళ్లలేదు. దాని గురించి నేను చెప్పగలిగింది లేదు. వేరే మందులు వాడని నాకు మటుకు తులసి, ధనియాలు, సోంపు కలిపిన ఫ్లాస్కు సరిపోయింది, తాగుతూనే ఉన్నాను.

మిగిలిన అతిమధురం కాడలు వంటింటి పై అరలో డబ్బాలో ఉన్నాయి. మా అమ్మకు రక్తపోటు లేదు. గొంతు గరగరలాడినప్పుడు గోరంత ముక్క బుగ్గన పెట్టుకొని రెండు రోజుల్లో ఆపేస్తుంది. చిన్నప్పటి నుంచి ఆమె వాడిన తీరు అదే.